కాసినో ఆదాయము ఎవరి ఇంటి నుండి వచ్చును?



ఈ నెల కుటుంబ అధ్యయనమునకు మేము ఎన్నుకొన్న అంశము కొందరికి వింతగా తోచవచ్చును. రాయచూరు జిల్లాలో కాసినో లేదు. సింధనూరు, మాన్వి తాలూకాల క్యాంపులలో వరి పండించుకొనువారికి, శక్తినగరులో షిఫ్టు డ్యూటీకి వెళ్ళువారికి ఆ మాటతో పని ఏమి అని అడుగవచ్చును. అయితే 2020 ఫిబ్రవరిలో అప్పటి కర్ణాటక పర్యాటక శాఖ మంత్రి సి.టి. రవి గారు లాస్ వేగాస్ వంటి ఊళ్ళను ఉదాహరించి, మన రాష్ట్రములో కూడ కాసినోలు తెరచినయెడల పర్యాటకులు పెరుగుదురని మాట్లాడారు. విమర్శలు రాగానే అట్టి నిర్ణయమేమియు జరుగలేదని వివరణ వచ్చినది. మాట అక్కడితో ఆగినది గాని ఆలోచన ఆగలేదు. ఖజానా ఖాళీగా ఉన్నప్పుడెల్లా ఏదో ఒక రాష్ట్రములో అది మరల తల ఎత్తుచునే ఉన్నది.

ఆ ఆలోచన ఇది. రాష్ట్రమునకు పన్ను వచ్చును. చదువుకొన్న పిల్లలకు ఉద్యోగములు వచ్చును. మనవారు గోవా వెళ్ళి పోగొట్టుకొను డబ్బు మన రాష్ట్రములోనే ఉండును. ఈ మూడవ మాట మన సంఘములలోని పెద్దల నోటనే మేము విన్నాము. అది తెలివితక్కువ మాట కాదు. ఆడేవాడు ఎలాగూ ఆడతాడు, ఆ పన్ను గోవాకు ఎందుకు, మన బడులకు, ఆసుపత్రులకు రాకూడదా అని వారు అడుగుచున్నారు. అందుచేత దీనిని పాపమని ఒక్క మాటతో తోసివేయక, లెక్క వేసి చూద్దాము.

మొదట చట్టము సంగతి. పందెము, జూదము అనునవి మన రాజ్యాంగములో రాష్ట్రముల జాబితాలో ఉన్నవి. కనుక ఒక రాష్ట్రములో నేరమైనది పక్క రాష్ట్రములో లైసెన్సు వ్యాపారము కావచ్చును. కర్ణాటకలో 1963 నాటి పోలీసు చట్టము జూదపు గృహములను నిషేధించుచున్నది. గోవాలో 1976 నాటి జూద చట్టమును 1992లో సవరించి, ఐదు నక్షత్రముల హోటళ్ళలో యంత్రములతో ఆడు ఆటలకు అనుమతి ఇచ్చారు. 1996లో మరల సవరించి, నీటిపై నిలిచిన ఓడలలో బల్లలపై ఆడు ఆటలను కూడ అనుమతించారు. పణజిలో మాండోవి నదిపై రాత్రివేళ దీపములతో కనిపించు ఓడలు ఆ సవరణ ఫలమే.

మన సుప్రీంకోర్టు ఈ విషయమును 1957లోనే విచారించినది. ఆ వ్యాజ్యమునకు బెంగళూరుతో సంబంధము ఉన్నది. అప్పటి మైసూరు రాష్ట్రములోని బెంగళూరు నుండి ఒక పత్రిక ద్వారా బహుమతి పోటీలు నడిపిన ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలా కంపెనీపై బొంబాయి ప్రభుత్వము పన్ను వేసినది. మాది వ్యాపారము, మాకు వ్యాపార స్వేచ్ఛ ఉన్నది అని కంపెనీ వాదించినది. జూదము రాజ్యాంగము కాపాడు వ్యాపారము కాదని కోర్టు తీర్పు చెప్పినది. 1968లో సికింద్రాబాదు క్లబ్బు కేసులో మాత్రము, రమ్మీ ప్రధానముగా నేర్పుతో ఆడు ఆట అని అదే కోర్టు అన్నది. అయితే ఆట నడుపువాడు పందెములో నుండి లాభము తీసుకొన్నయెడల అది నేరము కావచ్చునని కూడ ఆ తీర్పులోనే ఉన్నది. పేకాట క్లబ్బులవారు మొదటి సగము మాత్రమే చెప్పుదురు.

చక్రము లెక్క

కాసినో మోసము చేయునని చాలామంది అనుకొందురు. మోసము అవసరము లేదు. రూలెట్ అను చక్రము తీసుకొనండి. యూరోపియన్ చక్రములో సున్న నుండి 36 వరకు 37 గళ్ళు ఉండును. ఒక అంకెపై 100 రూపాయలు పెట్టి గెలిచినవానికి 3,500 రూపాయలు ఇచ్చి, అతని 100 తిరిగి ఇత్తురు. ఇప్పుడు ఒకడు 37 గళ్ళపైన తలా 100 పెట్టినాడనుకొనండి. అతడు పెట్టినది 3,700. తప్పక ఒక గడి గెలుచును, చేతికి వచ్చునది 3,600. ప్రతి 3,700కు 100 రూపాయలు బల్ల మీదనే మిగులును. అనగా నూటికి సుమారు 2 రూపాయల 70 పైసలు. అమెరికా చక్రములో ఇంకొక సున్న అదనముగా ఉన్నందున నూటికి 5 రూపాయలు దాటును.

రెండు రూపాయల డెబ్బయి పైసలేనా, మన ఊరి వడ్డీకంటె నయమే అని యౌవనస్థులు నవ్వవచ్చును. వడ్డీ నెలకొకసారి. ఇది చక్రము తిరిగిన ప్రతిసారి. 5,000 రూపాయలు జేబులో పెట్టుకొని వెళ్ళినవాడు తిప్పుకు 500 చొప్పున రాత్రంతా 100 సార్లు ఆడినయెడల, గెలిచినది మరల పెట్టుట వలన మొత్తము పెట్టినది 50,000 అగును. సగటున 1,350 రూపాయలు పోవును. ఇది సగటు. ఒకడు 10,000తో లేచి వచ్చును, ముగ్గురు వట్టి చేతులతో వత్తురు. వచ్చినవాని మాట ఊరంతా తెలియును, పోయిన ముగ్గురు నోరు విప్పరు. గోవా వెళ్ళి గెలిచినవారి కథలే మనకు చేరుటకు కారణము ఇదే.

ఇక పన్ను చూడండి. 2023 అక్టోబరు 1 నుండి కాసినోలో బిళ్ళలు కొన్న పూర్తి మొత్తముపై 28 శాతము జి.ఎస్.టి. వేశారు. 2025 సెప్టెంబరు 22 నుండి అది 40 శాతము అయినది. దానిలో సగము కేంద్రమునకు పోవును. ఈ పన్ను ఎక్కడినుండి వచ్చుచున్నది? నేల నుండి కాదు, గని నుండి కాదు, మరమిల్లు నుండి కాదు. ఆడినవాని జేబు నుండి. ఆ జేబు వెనుక ఒక ఇల్లు ఉన్నది. కనుక ఒక రాష్ట్రము కాసినో వలన బాగుపడవలెనంటే ఆ ఇల్లు ఆ రాష్ట్రము బయట ఉండవలెను. ఈ పాఠమంతయు ఈ ఒక్క మాటపై నిలిచి ఉన్నది.

తలుపు ఎవరికి మూసి ఉన్నది?

ఇది మా ఊహ కాదు. కాసినో తెరచిన ప్రభుత్వములే దీనిని ఒప్పుకొన్నవి. గోవా శాసనసభ 2012లో చేసిన సవరణను అనుసరించి, 2020 ఫిబ్రవరి 1 నుండి గోవా వాసులు కాసినోలో ఆడుటకు లోపలికి పోరాదని ప్రభుత్వము నిషేధించినది. గోవా పిల్లవాడు అక్కడ ఉద్యోగము చేయవచ్చును, ఆడరాదు. నేపాలులో కాసినోలు ఉన్నవి, నేపాలు పౌరులకు ప్రవేశము లేదు. యూరపులో పేరు మోసిన మొనాకోలోను పౌరులు ఆడరాదు. సింగపూరు 2010లో రెండు కాసినోలు తెరచినప్పుడు విదేశీయులకు ఉచిత ప్రవేశము ఇచ్చి, తన పౌరులకు రోజుకు 100 డాలర్ల ప్రవేశ రుసుము పెట్టినది. 2019లో దానిని 150కి పెంచినది.

ఒక హోటలు యజమాని తన పిల్లలను ఆ హోటలులో తిననివ్వకపోయినయెడల మనము ఏమని అనుకొందుము? గోవా తన పిల్లలకు వద్దన్న బల్ల చుట్టు కూర్చున్నవారిలో బెంగళూరు, బెళగావి, హైదరాబాదు నుండి వచ్చినవారు ఎందరో. గోవా లెక్కలో మనము పర్యాటకులము. మన ఇంటి లెక్కలో అది బిడ్డ ఫీజు, పొలము పెట్టుబడి.

దక్షిణ కొరియా కథ మన జిల్లావారికి ఇంకను దగ్గరగా ఉండును. ఆ దేశములో కాసినోలు విదేశీయులకే. ఒక్కచోట మాత్రము కొరియనులను రానిచ్చారు. జోంగ్‌సోన్ అను కొండ ప్రాంతములో బొగ్గు గనులు మూతపడి వేలమంది పని పోగొట్టుకొన్నారు. వారికి ఉపాధి కొరకని ప్రత్యేక చట్టము చేసి, 2000 సంవత్సరములో కాంగ్వాన్ ల్యాండ్ అను కాసినో తెరచారు. ఉద్యోగములు వచ్చినవి, అది నిజము. దానితో పాటు సాబుక్ అను ఆ ఊరి వీధి తాకట్టు దుకాణములతో నిండిపోయినది. ఉంగరము, గడియారము మాత్రమే కాదు, వచ్చిన కారును కూడ కుదువపెట్టి ఆడినవారు ఉన్నారు. చివరకు ఆ చుట్టుపట్ల నివసించువారు నెలకు ఒక్కరోజే లోపలికి పోవలెనని నియమము పెట్టారు. ఎవరి ఉపాధి కొరకు కట్టారో వారినే దాని నుండి కాపాడవలసి వచ్చినది. హట్టిలో బంగారు గని మూతపడి, దాని బదులు కాసినో పెట్టెదమని రేపు ఎవరైన అన్నారనుకొనండి. కార్మికుల భార్యలు ఏమందురో మీ సంఘములో అడిగి చూడండి.

అందరు తెరచినప్పుడు

బయటివారి డబ్బుతోనే లాభము అన్నప్పుడు, పక్క రాష్ట్రము కూడ తెరచినయెడల ఏమగును? దీనికి జవాబు అమెరికాలో దొరకును. మన తెలుగువారు అనేకులు స్థిరపడిన న్యూజెర్సీ రాష్ట్రములో సముద్రపు ఒడ్డున అట్లాంటిక్ సిటీ అను పాత విహార పట్టణము ఉన్నది. పట్టణము చితికిపోవుచుండగా 1976లో ప్రజలు ఓటువేసి కాసినోలను అనుమతించారు. వృద్ధులకు, వికలాంగులకు ఆ పన్ను వాడెదమని వాగ్దానము. 1978 మేలో మొదటిది తెరచినప్పుడు, నెవాడా రాష్ట్రము బయట ఆ దేశములో మరియొక చట్టబద్ధమైన కాసినో లేదు. తూర్పు తీరమంతటి నుండి జనము బస్సులలో వచ్చారు. 2006లో అక్కడి కాసినోల రాబడి 520 కోట్ల డాలర్లు.

ఆ సంవత్సరమే పక్కనున్న పెన్సిల్వేనియాలో కాసినోలు తెరుచుకొన్నవి. ఇతర రాష్ట్రములును అదే బాట పట్టినవి. వారి వాదన మనము విన్నదే: మనవారు అక్కడికి పోయి పోగొట్టుకొను డబ్బు ఇక్కడే ఉంచుదము. 2013 నాటికి అట్లాంటిక్ సిటీ రాబడి సుమారు 290 కోట్లకు పడిపోయినది. 2014 ఒక్క సంవత్సరములో నాలుగు కాసినోలు మూతపడి దాదాపు 8,000 మంది పని పోయినది. అందులో ఒకటైన రెవెల్‌ను 240 కోట్ల డాలర్లతో కట్టి తెరచి రెండున్నర సంవత్సరములైనను కాలేదు. 2016 నవంబరులో పట్టణపు ఆర్థిక వ్యవహారములను రాష్ట్రమే తన చేతిలోనికి తీసుకొన్నది.

గోవా, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ, మహారాష్ట్ర అన్నియు తెరచినవనుకొనండి. అప్పుడు బయటివాడు ఎవరు? రాయచూరువాడు గోవాకు పోడు, బళ్ళారికో బెంగళూరుకో పోవును. ఒక రాత్రి బస్సు ప్రయాణము, హోటలు ఖర్చు అడ్డుగా ఉన్నందున సంవత్సరమునకు ఒకసారి పోవువాడు, దగ్గరలో ఉన్నందున నెలకొకసారి పోవును. గోవాకు పోవు డబ్బు మిగులుట అటుంచి, ఇంతవరకు ఎక్కడికీ పోని డబ్బు కూడ బయలుదేరును.

ఉద్యోగముల విషయములో న్యాయముగా మాట్లాడవలెను. బల్ల దగ్గర ముక్కలు పంచువారు, వంటవారు, కాపలావారు, గదులు శుభ్రము చేయువారు నిజముగా జీతము తీసుకొందురు. మన జిల్లా నుండి ఏటేటా గుళే పోయి బెంగళూరులో ఇటుకలు మోయు కుటుంబములకు అది చిన్న సంగతి కాదు. అయితే ఆ జీతము వెనుక ఏమి తయారగుచున్నదో చూడవలెను. 1953లో తుంగభద్ర ఆనకట్ట నుండి నీరు వదలిన తరువాత ఎడమ కాలువ మన జిల్లాకు నీరు తెచ్చినది. దానివెంట గుంటూరు, కృష్ణా, గోదావరి, నెల్లూరు జిల్లాల నుండి మన తాతలు వచ్చి క్యాంపులు వేశారు. నీటివలన వరి, వరివలన మరమిల్లు, మిల్లువలన లారీ, లారీవలన టైరు బాగుచేయువాడు, వాని ఎదుట టీ బడ్డీ. ఒక పని మరియొక పనిని కన్నది. 1985లో శక్తినగరులో మొదటి యూనిట్ కరెంటు ఇచ్చినప్పుడును అంతే. కాసినో బల్లపై ఒకడు పోగొట్టుకొన్న 10,000 రూపాయలు మాత్రము ఆ నెల రాయచూరు బజారులో బట్టల కొట్టుకు, ఎరువుల కొట్టుకు, బడి ఫీజుకు రావు. అక్కడ ఒక జీతము కనిపించును. ఇక్కడ తగ్గిన బేరము ఎవరికిని కనిపించదు.

ఆదాయము వదులుకొన్నవారు

ఈ ఆదాయము లేనిదే ప్రభుత్వము నడవదని చెప్పువారికి మన రాష్ట్ర చరిత్రలోనే జవాబు ఉన్నది. కర్ణాటక ప్రభుత్వము స్వయముగా లాటరీ నడిపినది. బస్టాండులలో టికెట్లు అమ్మిన దుకాణములు, సాయంకాలము ఫలితము కొరకు నిలిచిన కూలీలు పెద్దవారికి జ్ఞాపకముండును. 2007లో హెచ్.డి. కుమారస్వామి గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు రాష్ట్రములో లాటరీలన్నియు నిషేధించారు. అదే సంవత్సరము జూలై 1 నుండి సారాయి నిషేధించారు. రెండును ఖజానాకు డబ్బు తెచ్చినవే. ప్రభుత్వము కూలిపోలేదు.

అయితే ఇక్కడ మన సంతోషమునకు ఒక హద్దు ఉన్నది. సారాయి పోయిన చోట సీసా మద్యము వచ్చినది. ఎక్సైజు రాబడి తగ్గుటకు బదులు పెరుగుచు వచ్చినది. ఆంధ్రలోను ఇదే జరిగినది. వారుణి వాహిని పేరిట ప్రభుత్వమే సారాయి సరఫరా చేసిన రోజులలో, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1992లో ఎదిరించి నిలిచారు. 1993 అక్టోబరులో సారాయి నిషేధము, 1995 జనవరిలో ఎన్.టి. రామారావు గారి సంపూర్ణ మద్య నిషేధము వచ్చినవి. 1997లో రాబడి చాలదని దానిని సడలించారు. ఒకసారి ఈ డబ్బు రుచి చూసిన ఖజానా దానిని మరువదు. ఒక తలుపు మూసినయెడల మరియొకటి వెదకును. కనుక కాసినో విషయములో మన మాట తలుపు తెరువకముందే చెప్పవలసినది. తెరచిన తరువాత వేలమంది ఉద్యోగులు, లైసెన్సుదారులు, బడ్జెటులో ఒక పద్దు దానికి కాపలా కాయును.

ఈ మధ్యనే దీనిని కళ్ళారా చూచితిమి. ఫోనులో పందెపు ఆటలను ఆపుటకు కర్ణాటక 2021 అక్టోబరులో పోలీసు చట్టమును సవరించినది. 2022 ఫిబ్రవరి 14న హైకోర్టు ఆ సవరణలోని ముఖ్య భాగములను కొట్టివేసినది. ఆ తరువాత మూడున్నర సంవత్సరములు క్రికెట్టు తారల ప్రకటనలతో ఆ ఆటలు పెరిగినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించు చట్టము చేసినది, 22వ తేదీన రాష్ట్రపతి ఆమోదము లభించినది. సుమారు 45 కోట్లమంది ఏటా 20,000 కోట్ల రూపాయలు ఈ ఆటలలో పోగొట్టుకొనుచున్నారని ప్రభుత్వము అంచనా వేసినది. మా వలన ఏటా 20,000 కోట్ల పన్ను వచ్చుచున్నది, 2 లక్షల ఉద్యోగములు పోవునని కంపెనీలవారు మొరపెట్టుకొన్నారు. రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చూడండి. పన్ను అని ఒకరు చెప్పునది, నష్టమని మరియొకరు చెప్పునది, రెండును ఒకే ఇంటి గుమ్మము దాటి వచ్చిన డబ్బు. చట్టముపై దాఖలైన వ్యాజ్యములను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తన యొద్దకు తెప్పించుకొన్నది. మాండోవి ఓడలకు ఈ చట్టము వర్తించదు.

మన సంఘములలో

బైబిలులోను చీట్లు వేశారు గదా అని యౌవనస్థుల కూటములో తప్పక అడుగుదురు. యెహోషువ కాలములో గోత్రములకు భూమి పంచుటకు, అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో మత్తీయను ఎన్నుకొనుటకు చీట్లు వేశారు. ఆ రెండుచోట్ల ఎవరును పందెము కట్టలేదు, ఒకని నష్టము వలన మరియొకడు లాభపడలేదు. ఒకని వస్త్రము మరియొకని లాభమైన చీట్లు సిలువ క్రింద సైనికులు వేసినవి. తేడా చీటిలో లేదు, ఆ తరువాత ఎవడు ఏమి పోగొట్టుకొని ఇంటికి పోవుచున్నాడనుటలో ఉన్నది.

దీనితో పాటు మరియొక మాట కూడ చెప్పక తప్పదు. కొన్నిచోట్ల కోతపండుగనాడు భవన నిధికని లక్కీ డ్రా టికెట్లు అమ్ముచున్నారు. మిక్సీయో సైకిలో బహుమతి. ఉద్దేశము మంచిదే. ప్రభుత్వము లాటరీ నడిపినప్పుడును, న్యూజెర్సీ వృద్ధుల పేరు చెప్పినప్పుడును ఉద్దేశము మంచిదే. కాసినో వద్దని ఎమ్మెల్యేకు వినతిపత్రము ఇవ్వబోవు సంఘము, మొదట తన గుమ్మములోని టికెట్ల పుస్తకము మూసివేయుట మంచిది. పండిన ధాన్యము, కోడి, కొబ్బరికాయ వేలము వేయుట వేరు సంగతి. వేలములో డబ్బు పెట్టినవానికి వస్తువు చేతికి వచ్చును.

అధ్యయనమునకు కూర్చున్నప్పుడు పురుషులు, స్త్రీలు కలిసి కూర్చుండవలెనని కోరుచున్నాము. మట్కా, క్రికెట్టు పందెము, ఫోను ఆటల అప్పులు భార్యకు తెలియునాటికి పొలము కాగితములు తాకట్టులో ఉండుట అరుదు కాదు. అట్టి కుటుంబము సంఘములో ఉన్నయెడల కూటములో పేరు ఎత్తవద్దు. కాపరియు ఒక పెద్దయు ఇంటికి వెళ్ళి, మొదట అప్పులన్నిటిని ఒక కాగితముపై వ్రాయించవలెను. జీతము భార్య ఖాతాలో పడునట్లు, ఆమెకు తెలియక కొత్త అప్పు పుట్టకుండునట్లు కుటుంబమే ఒప్పుకొనవలెను. అప్పు తీర్చుటకు మరల ఆడకుండ చూచుట అన్నిటికంటె కష్టము, అక్కడే తోడు అవసరము. మనస్సు కుదుటపడని వారికి 14416 నంబరులో టెలి మానస్ సలహాదారులు ఉచితముగా తెలుగులోను కన్నడములోను మాట్లాడుదురు. ఫోనులో డబ్బు మోసపోయినవారు ఆలస్యము చేయక 1930కి తెలుపవలెను. ఈ రెండు నంబర్లు ఆరాధన మందిరము నోటీసు బోర్డుపై పెద్ద అక్షరములతో, రెండు భాషలలో వ్రాయించగలరు.